ఘాటీ దారికి గేర్ బండా, ఆటోమేటిక్కా? ఏది తీసుకోమంటారు

రాయగడ_రాజు
ఆన్‌రోడ్ పదకొండు లక్షల లోపు పెట్రోల్ బండి చూస్తున్నాను. రోజూ తిరిగేది ఊళ్ళోనే: స్టేషన్ రోడ్డు, బజారు, జేకే పూర్ వరకు. నెలలో ఒకటి రెండుసార్లు లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అక్కణ్ణుంచి సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం. ఐదుగురం, సామాను, పైన ఏసీ. నాన్నగారికి ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేరు. కానీ బండి ఆయన కూడా నడపాలి. షోరూం వాళ్ళు ఏఎంటీ (క్లచ్, గేరు పని తనే చేసుకునే చవక రకం ఆటోమేటిక్) తీసుకోమంటున్నారు. చుట్టాలంతా "ఘాటీలో ఆటోమేటిక్ ఎక్కదు" అంటున్నారు. నిజంగా ఎక్కదా? ఎక్కకపోతే ఎందుకని? "మాన్యువల్ తీసుకో" అని ఒక్క ముక్క పడేసి వెళ్ళిపోకండి, వివరంగా చెప్పండి.

సాలూరు_సత్యం
మాన్యువల్ తీసుకో తమ్ముడూ.

బరంపురం_బాబ్జీ
వద్దన్న మాటే ముందు చెప్పేశారు సత్యం గారు.

సాలూరు_సత్యం
కారణం కూడా రాస్తున్నాను, ఉండు బాబ్జీ.

ఘాటీ అంటే ఎక్కడం ఒక్కటే అనుకుంటారందరూ. ఎక్కడానికి ఏ బండైనా ఎక్కుతాది. కష్టమంతా లోడు లారీ వెనకాల ఇరుక్కున్నప్పుడే. పది చక్రాల లారీ ముందు నడక వేగంతో పోతుంటాది, మలుపులో ఆగుతాది, మళ్ళీ కదులుతాది. అప్పుడు బండి ఏ గేరులో ఉండాలో, ఎప్పుడు మార్చాలో నీకు తెలుస్తాది గానీ కంప్యూటర్‌కి తెలీదు. దానికి ముందున్న మలుపు కనపడదు. నువ్వు పెడలు వదలగానే పై గేరు వేసేస్తాది, మళ్ళీ తొక్కగానే కింద గేరు వెతుక్కుంటాది. ఆ వెతుక్కునే అర సెకనులోనే బండి ఊపు పోతాది. గేర్ బండిలో సెకండ్ వేసి ఉంచితే, పూర్తిగా ఆగితే తప్ప కొండ దాటేదాకా మార్చే పనుండదు.

రెండోది రిపేరు. క్లచ్ పోతే సాలూరులోనైనా, సెమిలిగుడలోనైనా రోడ్డు పక్క మెకానిక్ గేర్‌బాక్సు దింపి సాయంత్రానికి కొత్త సెట్టు వేసి పంపిస్తాడు. ఆటోమేటిక్‌కి లాప్‌టాప్ పట్టుకుని రావాలి.

సునాబెడ_లక్ష్మి
సత్యం గారు చెప్పింది ఏఎంటీకి సరిపోతుంది, అది కూడా డి (డ్రైవ్, గేర్లు బండే మార్చుకునే స్థానం) లో వదిలేసి నడిపితేనే. ఆటోమేటిక్‌లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదండీ. రాజు గారు అడగాల్సింది "మాన్యువలా ఆటోమేటిక్కా" అని కాదు, "ఏ ఆటోమేటిక్" అని. నాలుగు రకాలున్నాయి, ఘాటీలో నాలుగూ నాలుగు రకాలుగా నడుస్తాయి.

క్లచ్‌ప్లేట్
లక్ష్మి గారి మాటే మాట. జయపురంలో ఈ పనే చేస్తాం కాబట్టి లోపలేముంటుందో రాస్తాను.

ఏఎంటీ అంటే కొత్త గేర్‌బాక్సేమీ కాదు. మాన్యువల్‌లో ఉండే అదే గేర్‌బాక్సు, అదే డ్రై క్లచ్ ప్లేటు. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని ఆక్చువేటర్ అనే మోటారు చేస్తుంది, అంతే. మన దేశంలో మారుతి 2014లో సెలేరియోతో దీన్ని తెచ్చింది. ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కి తీసిపోదు. ఇప్పటి డిజైర్ చూడండి, కంపెనీ లెక్కలో లీటరుకి మాన్యువల్ 24.79, ఏఎంటీ 25.71 కి.మీ. కానీ ప్లేటు అదే ప్లేటు. ఎత్తులో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే బండిని ఆపి ఉంచితే మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ తొక్కినట్టే. ప్లేటు జారుతూ వేడెక్కుతుంది, పైన పట్టు ఇచ్చే పూత కాలి అద్దంలా నున్నబడుతుంది, ఆ తర్వాత పట్టు ఉండదు.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ప్లేటు బదులు నూనె ఉంటుంది. ఒక ఫ్యాను తిరిగితే నూనె వేగానికి రెండోది తిరుగుతుంది. బండి నిలబడి కదిలేటప్పుడు జారేది నూనె, అరిగేది ఏమీ లేదు. పైగా ఆ కదిలే క్షణంలో ఇంజను టార్కును (తిప్పే బలాన్ని) కొంత పెంచి చక్రాలకి ఇస్తుంది. ఎత్తులో ఆగి ఆగి పోవడానికి ఇంతకంటే మంచిది లేదు.

సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీలు, మధ్యలో స్టీలు బెల్టు. ఊళ్ళో మెత్తగా పోతుంది. ఘాటీలో గట్టిగా తొక్కితే ఇంజను అరుపు ఒకే స్థాయిలో ఉండిపోతుంది, బండి మాత్రం నిదానంగా అందుకుంటుంది. పాడవ్వదు, కానీ నచ్చనివాళ్ళకి నచ్చదు.

డీసీటీలో రెండు క్లచ్‌లు. వీటిలో డ్రై క్లచ్ రకం, నూనెలో మునిగి ఉండే రకం అని రెండు. డ్రై రకం ఘాటీ జామ్‌లో వేడెక్కి డాష్‌బోర్డు మీద హెచ్చరిక ఇస్తుంది, పక్కన ఆపుకోవాల్సి వస్తుంది. తడి రకం వేడిని తట్టుకుంటుంది.

గుణుపురం_గోపి
సేవ్ చేసి పెట్టుకున్నాను. మరి ఏ బండిలో ఏదుంది అన్నా? షోరూంలో అడిగితే అన్నిటికీ "ఆటోమేటిక్ సార్" అంటారు.

సునాబెడ_లక్ష్మి
రాజు గారి బడ్జెట్‌కి దగ్గరగా ఉన్నవే చెప్తాను గోపీ.

స్విఫ్ట్, డిజైర్, వ్యాగన్ ఆర్, పంచ్, ఎక్స్‌టర్, నియోస్: ఇవన్నీ ఏఎంటీ. ఫ్రాంక్స్‌లో జాగ్రత్త, ఒకే పేరు మీద రెండున్నాయి. 1.2 ఇంజనుకి 5 గేర్ల ఏఎంటీ, 1.0 టర్బోకి (గాలిని బలంగా లోపలికి తోసే ఏర్పాటున్న ఇంజను) 6 గేర్ల టార్క్ కన్వర్టర్. బ్రెజాలో 1.5 ఇంజనుకి 6 గేర్ల టార్క్ కన్వర్టర్. కైలాక్‌లో కూడా అదే రకం. ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పెట్రోల్‌లో టార్క్ కన్వర్టర్, డీజిల్‌లో ఏఎంటీ. అమేజ్‌లో సీవీటీ. మాగ్నైట్, కైగర్ టర్బోల్లో సీవీటీ, మామూలు ఇంజనుకి ఏఎంటీ. వెన్యూ టర్బోలో డీసీటీ. నెక్సాన్ పెట్రోల్‌లో ఏఎంటీ ఉంది, తడి క్లచ్ డీసీటీ కూడా ఉంది.

షోరూంలో "ఆటోమేటిక్" అన్నాక "ఏ రకం?" అని అడగండి. చెప్పలేకపోతే బ్రోషర్ చివరి పేజీలో ట్రాన్స్‌మిషన్ అన్న వరస చూడండి, అక్కడ రాసి ఉంటుంది.

సిరోంచ_శీను
మా వైపు ఆలపల్లి దాకా అడివి దారే గానీ ఘాటీలు లేవు, నేల చదును. ఇక్కడ ఏఎంటీకి వంక పెట్టేవాళ్ళే లేరు. గుంతల్లో మాటిమాటికీ ఫస్టు సెకండు మార్చే బాధ తప్పింది. అందుకే మనిషికి ఒక సలహా, రోడ్డుకి ఒక సలహా ఉండాలి.

సాలూరు_సత్యం
లక్ష్మి గారూ, టార్క్ కన్వర్టర్ మంచిదే, నేను కాదనట్లేదు. కానీ ధర చూడండి. మాన్యువల్ మీద ఏఎంటీకి సుమారు అరవై వేలు ఎక్కువ. టార్క్ కన్వర్టర్‌కి లక్ష పైమాటే. రాజు చెప్పిన పదకొండు లక్షల్లో అది వస్తాదా?

బరంపురం_బాబ్జీ
2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న బండ్లకి జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజను ఉంటే చాలు. ఆ పొడవు దాటని 1.0 టర్బోలన్నీ ఇందులోకొస్తాయి. బ్రెజా 1.5 కాబట్టి రాదు, దానికి 40 శాతం. అంచేత ఫ్రాంక్స్ టర్బో ఆటోమేటిక్, 3ఎక్స్‌ఓ, కైలాక్ మూడిటికీ కొటేషన్ తీసుకోమనండి. వేరియంటు ఒక మెట్టు దిగితే అందొచ్చు. సన్‌రూఫ్ మానేసి గేర్‌బాక్సు కొనుక్కోవాలి.

దమంజోడి_డీజిల్
సన్‌రూఫ్ సంగతి బాగా చెప్పావ్ బాబ్జీ. వానాకాలంలో పొట్టంగి మంచులో సన్‌రూఫ్‌లోంచి కనపడేది ఇంకా మంచే.

ఒకటి ఎవరూ చెప్పలేదు, ఎత్తు. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్లు. అక్కడ గాలి పలచన. టర్బో లేని ఇంజను వెయ్యి మీటర్లకి బలంలో సుమారు పదో వంతు పోగొట్టుకుంటుంది. ఐదుగురు, సామాను, ఏసీ, దాని మీద ఈ పదో వంతు. 1.2 మామూలు ఇంజను అప్పుడే మూలుగుతుంది. టర్బోకి గాలిని లోపలికి తోసే ఏర్పాటు ఉంది కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. దేవమాలి (1672 మీటర్లు) దాకా పోతే ఇంకా బాగా తెలుస్తుంది. రాజు గారూ, గేర్‌బాక్సు సంగతి సరే, ముందు ఇంజను చూసుకోండి. బలం లేని ఇంజనుకి ఎంత మంచి ఆటోమేటిక్ తగిలించినా రెండు మూడు గేర్ల మధ్య ఊగిసలాడుతుంది.

రాయగడ_రాజు
ఇదీ నాక్కావాల్సింది. ఒక సందేహం. బడ్జెట్ కుదరక ఏఎంటీయే తీసుకోవాల్సి వస్తే ఘాటీలో ఎలా నడపాలి? నాన్నగారు నలభై ఏళ్ళుగా గేర్ బండికి అలవాటు పడ్డ మనిషి.

క్లచ్‌ప్లేట్
ఎక్కేటప్పుడు: కొండ మొదలవ్వకముందే లివర్‌ని డి నుంచి ఎం లోకి లాగేయండి. ఎం లో గేరు మీ చేతిలో ఉంటుంది, ప్లస్ మైనస్ తోస్తే మారుతుంది. ఎక్స్‌టర్ లాంటి వాటిలో స్టీరింగ్ వెనక ప్యాడిళ్ళు కూడా ఉంటాయి. సెకండ్‌లో పెట్టి అక్కడే ఉంచండి. ఇంజను మరీ పడిపోతే తనంతట తనే ఫస్టుకి దిగుతుంది, ఆ భయం అక్కర్లేదు. లారీని దాటాలంటే దాటే చోటు రాకముందే మైనస్ ఒకసారి తోసి కింద గేరులో సిద్ధంగా ఉండాలి. దాటడం మొదలుపెట్టాక గేరు మార్చుకోమంటే అది ఆగి ఆలోచిస్తుంది, ఆ ఆలోచించే సేపు మీరు ఎదురు లేనులో ఉంటారు.

జామ్‌లో: ముందు బండి అరగజం కదిలినప్పుడల్లా మీరూ అరగజం కదలకండి. బ్రేకు మీద నిలబడండి. ఒక బండి పొడవు ఖాళీ వచ్చాక ఒకేసారి పోయి మళ్ళీ బ్రేకు. కదిలిన ప్రతిసారీ ప్లేటు కొంచెం అరుగుతుంది, కాబట్టి తక్కువసార్లు కదలండి.

హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకోండి. బ్రేకు మీంచి కాలు తీశాక రెండు సెకన్ల దాకా బండిని పట్టి ఉంచుతుంది, ఆలోగా యాక్సిలరేటర్ మీదికి కాలు వెళ్ళాలి. అది లేని ఏఎంటీ కొండ మీద వెనక్కి జారుతుంది. లేకపోతే హ్యాండ్‌బ్రేక్ వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకి గుంజుతుంటే అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించాలి. గేర్ బండిలో చేసేదే.

పర్లాకిమిడి_పంతులు
ఎక్కడం గురించే అందరూ రాస్తున్నారు. మనుషులు చచ్చేది దిగేటప్పుడు. దీని మీద నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సుంకి నుంచి సాలూరు దిగేటప్పుడైనా, తప్తపాణి ఘాటీలోనైనా బండిని ఆపాల్సింది ఇంజను. బ్రేకు తోడు మాత్రమే. ఏ గేరులో ఆ కొండ ఎక్కుతారో అదే గేరులో దిగాలి. గేర్ బండిలో ఇది అందరికీ తెలిసినదే. ఆటోమేటిక్ కొన్నవాళ్ళు మాత్రం డి లో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగుతారు. డి లో కాలు తీయగానే బండి పై గేరుకి పోతుంది, ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకు మీదే.

అప్పుడేమవుతుందంటే, ప్యాడ్లు వేడెక్కి ముందు కాలిన వాసన వస్తుంది. ఇంకా తొక్కుతూ పోతే ఎంత తొక్కినా పట్టు తగ్గుతుంది. అది మొదటి దశ. రెండో దశ ఇంకా చెడ్డది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకునే రకం. పాత ఆయిల్‌లో నీరు చేరి ఉంటుంది, ఆ వేడికి అది మరిగి ఆవిరి బుడగలవుతాయి. ఆయిల్ నొక్కుడుకి కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడలు దూదిలా లోపలికి పోతుంది, బండి ఆగదు.

కాబట్టి దిగడం మొదలయ్యే ముందే, టార్క్ కన్వర్టరైనా ఏఎంటీ అయినా, ఎం లోకి లాగి సెకండ్. మరీ నిలువు దిగుడుకి ఫస్టు. సీవీటీ అయితే లివరు మీది ఎల్ (లో) గానీ ఎస్ (స్పోర్ట్) గానీ. ఇంజను నిమిషానికి 3000, 3500 సార్లు తిరుగుతూ శబ్దం చేస్తుంది, చెయ్యనివ్వండి, దానికేమీ కాదు. బ్రేకు మలుపుకి ముందు గట్టిగా ఒకసారి తొక్కి పూర్తిగా వదిలెయ్యాలి. సన్నగా తొక్కి పట్టుకునే ఉండకూడదు, వదిలినప్పుడే అది చల్లారుతుంది.

వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట చక్రాలకి రాయి వేసి, గేరులో పెట్టి అరగంట ఆపండి. డిస్కుల మీద నీళ్ళు పొయ్యకండి, వంకర పోతాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చండి, మూత మీద డాట్ 4 అని రాసి ఉంటే అదే పొయ్యండి.

గుణుపురం_గోపి
మాస్టారూ, మా వైపు జీపుల వాళ్ళు న్యూట్రల్ కొట్టి దింపుతారు, పెట్రోల్ కలిసొస్తాదని.

పర్లాకిమిడి_పంతులు
కలిసిరాదు గోపీ. ఇప్పటి ఇంజక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్ మొత్తం ఆపేస్తుంది, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆరిపోకుండా ఉండాలంటే పెట్రోల్ పొయ్యాలి. అంటే ఖర్చు న్యూట్రల్‌లోనే ఎక్కువ, పైగా ప్రాణం మీదికి. కొంతమంది ఇంజను కూడా ఆపేస్తారు, అప్పుడు బ్రేక్ బూస్టర్ పనిచెయ్యదు, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఎవరు చెప్పినా చెయ్యకు.

సాలూరు_సత్యం
పంతులు గారు రాసింది ప్రింటు తీసి సుంకి చెక్‌పోస్టు దగ్గర అంటించాలి.

అయితే రాజూ, ఇది కూడా మాన్యువల్ వైపు మాటే. గేర్ బండిలో దిగుడు వస్తే చెయ్యి అలవాటుగా సెకండ్ మీదికి పోతాది. ఆటోమేటిక్‌లో చెయ్యికి పనుండదు కాబట్టి మర్చిపోతారు.

సునాబెడ_లక్ష్మి
మర్చిపోవడం మనిషిది, బండిది కాదు సత్యం గారూ. నేర్పితే వస్తుంది. వాళ్ళ నాన్నగారు క్లచ్ తొక్కలేని మనిషి, ఆయనకి మాన్యువల్ ఇచ్చి ఏం చెయ్యమంటారు? ఘాటీలో ఎడమ కాలికి ఎంత పనుంటుందో మీకే బాగా తెలుసు. నొప్పి వల్ల క్లచ్ సగమే తొక్కితే గేరు పళ్ళు గరగరమంటాయి, లేదంటే కాలు క్లచ్ మీదే ఆనించి నడుపుతారు, రిలీజ్ బేరింగు పోతుంది.

సాలూరు_సత్యం
అది ఒప్పుకుంటాను. మోకాలు నొప్పి ఉన్నప్పుడు ఆటోమేటికే. నేను రాజు ఒక్కడే నడుపుతాడన్నట్టు మాట్లాడాను. కానీ ఐదుగురితో నెలనెలా కోరాపుట్ అంటే ఏఎంటీ వద్దు, ఎలాగైనా టార్క్ కన్వర్టర్‌కి సర్దుకో. సర్దుకోలేకపోతే 1.2 ఏఎంటీ కంటే కొంచెం ఆగి డబ్బు పోగేసుకోవడం మేలు.

కొత్తబండి
నేర్చుకునేవాళ్ళకి ఏది మంచిది? ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే లైసెన్సు వేరే ఇస్తారా?

బరంపురం_బాబ్జీ
కారుకి లైసెన్సు ఒకటే, ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్). దాంతో రెండూ నడపొచ్చు. కానీ గేర్ బండిలో నేర్చుకోండి, తర్వాత ఏది ఇచ్చినా నడుస్తుంది. ఆటోమేటిక్‌లో నేర్చుకున్నవాళ్ళు గేర్ బండి ఎక్కితే మళ్ళీ మొదటి నుంచి.

క్లచ్‌ప్లేట్
గేర్ బండి నుంచి ఆటోమేటిక్‌కి మారేవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది, రాజు గారి నాన్నగారి కోసం చెప్తున్నాను. ఎడమ కాలు అలవాటుగా క్లచ్ వెతుక్కుంటుంది. అక్కడ దొరికేది వెడల్పాటి బ్రేకు పెడలు. క్లచ్ తొక్కినంత గట్టిగా తొక్కితే బండి రోడ్డు మధ్యలో ధడేలుమని ఆగుతుంది, వెనక ఉన్నవాడు గుద్దేస్తాడు. మొదటి కొన్ని రోజులు ఎడమ కాలిని సీటు కింద దాకా వెనక్కి మడిచి పెట్టుకోమనండి. మోకాలు మడవలేకపోతే ఎడమ పక్క కాలు ఆనించుకునే మెట్టు మీద బిగించి పెట్టుకోవాలి. యాక్సిలరేటర్‌కీ బ్రేకుకీ కుడి కాలు ఒక్కటే. మడమ నేల మీదే ఆనించి బ్రేకుకి ఎదురుగా పెట్టుకుని, పాదం మాత్రం పక్కకి తిప్పాలి.

ముందు ఖాళీ మైదానంలో నేర్పండి. బజారులో కాదు.

దమంజోడి_డీజిల్
పార్కింగ్ కూడా చెప్పండి. మా కాలనీలో ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

క్లచ్‌ప్లేట్
అవును. టార్క్ కన్వర్టర్, సీవీటీల్లో పి (పార్కింగ్) ఉంటుంది. పి వేస్తే గేర్‌బాక్సులో వేలంత ఇనప కొక్కెం ఒకటి పంటి చక్రంలో పడుతుంది. ఎత్తులో ఆపి నేరుగా పి వేసి బ్రేకు వదిలేస్తే బండి బరువంతా ఆ కొక్కెం మీద వేలాడుతుంది. తర్వాత తీసేటప్పుడు టక్కుమని పెద్ద శబ్దం, లివరు బిగుసుకుపోవడం అందుకే. సరైన వరస: బ్రేకు మీద కాలు ఉంచి ఎన్ (న్యూట్రల్) వెయ్యండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, బ్రేకు మెల్లగా వదిలి బరువు హ్యాండ్‌బ్రేక్ మీదికి రానివ్వండి, మళ్ళీ బ్రేకు తొక్కి పి వెయ్యండి. ఆ తర్వాతే ఇంజను ఆపడం.

మన ఏఎంటీల్లో ఎక్కువ వాటికి పి ఉండదు. హ్యాండ్‌బ్రేక్ లాగి, లివరు డి లోగానీ ఆర్ (రివర్సు) లోగానీ ఉంచి ఇంజను ఆపెయ్యాలి, గేరు పడి ఉంటుంది. ఎన్ లో వదిలేసి పోతే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే ఆధారం. మళ్ళీ స్టార్ట్ చెయ్యడానికి బ్రేకు తొక్కి ఎన్ కి తేవాలి.

సిరోంచ_శీను
బ్యాటరీ దిగిపోతే? మా దగ్గర అడివిలో ఆగితే ఫోను సిగ్నలు కూడా ఉండదు. గేర్ బండి అయితే నలుగురు తోస్తే స్టార్ట్ అవుద్ది.

క్లచ్‌ప్లేట్
ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ అవ్వదు, ఏఎంటీని కూడా ఆ లెక్కలోనే పెట్టుకోండి. కరెంటు లేకపోతే ఆక్చువేటర్ గేరు వెయ్యదు. బ్యాటరీ బలహీనపడితే స్టార్ట్ అయినా గేరు పడకపోవడం, డిస్‌ప్లే మీద గేరు అంకె రాకపోవడం కనిపిస్తుంది. చాలామంది గేర్‌బాక్సు పోయిందనుకుంటారు, ముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.4 కంటే తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టండి. జంపర్ వైర్లు డిక్కీలో పడేసుకోవాలి.

ఇంకొకటి. టార్క్ కన్వర్టర్‌నిగానీ సీవీటీనిగానీ ముందు చక్రాలు రోడ్డు మీద ఉంచి తాడు కట్టి లాగకూడదు. ఇంజను ఆగి ఉంటే నూనె పంపు తిరగదు, లోపల ఎండిపోయి అరిగిపోతుంది. ముందు చక్రాలు ఎత్తి లాగాలి, లేదా మొత్తం బండిని లారీ మీద ఎక్కించాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్సు తీసుకునేటప్పుడు "మా ఊరికి ఫ్లాట్‌బెడ్ వస్తుందా" అని అడిగి తీసుకోండి.

గుణుపురం_గోపి
ఆటోమేటిక్‌లో నూనె మార్చాలా అన్నా? లైఫ్‌టైం అంటారు కదా.

క్లచ్‌ప్లేట్
ఘాటీలో నడిచే బండికి లైఫ్‌టైం అన్నది నమ్మొద్దు. బండితో ఇచ్చే పుస్తకంలో "తీవ్రమైన వాడకం" కింద కొండదారి, బరువు, దుమ్ము అని రాసి ఉంటుంది, మనవన్నీ అవే. టార్క్ కన్వర్టర్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె) 60 వేల కి.మీ. దగ్గర మార్పించడం మంచిది. సీవీటీకి ఆ కంపెనీ చెప్పిన సీవీటీ నూనె మాత్రమే. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీలు గీరుకుపోతాయి, ఇక మొత్తం బాక్సే మార్చాలి. ఏఎంటీకి గేర్ ఆయిల్ వేరు, ఆక్చువేటర్ హైడ్రాలిక్ అయితే దాని నూనె వేరు. సర్వీసు బిల్లులో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఏఎంటీ క్లచ్ సెట్టు ఎవరైనా మార్చొచ్చు, కానీ మార్చాక స్కానరు పెట్టి కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి నేర్పాలి. అది చెయ్యకుండా ఇచ్చేస్తే బండి ఊగుతూ కదులుతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే మార్చమనండి. బేరింగు మిగిల్చి డబ్బు దాచుకుంటే మళ్ళీ బాక్సు దింపే కూలీ ఇచ్చుకోవాలి.

దమంజోడి_డీజిల్
ఎలక్ట్రిక్ ఎవరూ అనలేదే? గేరూ లేదు, క్లచ్చూ లేదు, దిగుడులో రీజెన్ (మోటారే బండిని పట్టి, కరెంటు తిరిగి బ్యాటరీకి పంపే ఏర్పాటు) పెడితే బ్రేకు అవసరమే తక్కువ. ఊళ్ళో తిరగడానికి నాన్నగారికి బ్రహ్మాండంగా ఉంటుంది.

పర్లాకిమిడి_పంతులు
ఒక్క మెలిక ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ సరిగా పనిచెయ్యదు, వచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు. కోరాపుట్‌లో రాత్రంతా నూరు శాతం చార్జింగ్ పెట్టి పొద్దున్నే సుంకి దిగితే బండి పట్టినట్టుండదు. దిగే ముందు ఎనభై, ఎనభై ఐదు దగ్గర ఆపాలి. దారిలో చార్జర్లు చూసుకుని కొనాలి, రాజు గారి బడ్జెట్‌కి ఇప్పుడే కుదరకపోవచ్చు.

రాయగడ_రాజు
అందరి మాటా చదివి మూడిటికి టెస్ట్ డ్రైవ్ అడిగాను: ఫ్రాంక్స్ టర్బో ఆటోమేటిక్, 3ఎక్స్‌ఓ పెట్రోల్ ఆటోమేటిక్, డిజైర్ ఏఎంటీ. విశాఖలో కొంటే ధర కొంచెం కలిసొచ్చేలా ఉంది. రిజిస్ట్రేషన్ ఇబ్బంది అవుతుందా?

బరంపురం_బాబ్జీ
టెంపరరీ నంబరు మీద తెచ్చుకుని మీ అడ్రసుతో రాయగడలోనే చేయించండి, ఓడీ 18 వస్తుంది. డీలరు దగ్గర ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (బండి రోడ్డుకి తగినదన్న పత్రం), ఇన్‌వాయిసు, ఇన్సూరెన్సు తీసుకోవడం మర్చిపోవద్దు. పొరపాటున ఏపీ నంబరు వేయించారో, ఏడాది దాటి ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి నుంచి ఫారం 28 ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ మళ్ళీ టాక్సు కట్టాలి. ధరలో కలిసొచ్చింది దానికే పోతుంది.

సునాబెడ_లక్ష్మి
టెస్ట్ డ్రైవ్ షోరూం ముందున్న చదును రోడ్డు మీద చేస్తే ఏమీ తెలియదు. విశాఖలో సింహాచలం కొండ దారి ఉంది, కైలాసగిరి దారి ఉంది, అటు తీసుకెళ్తామని ముందే ఫోనులో చెప్పండి. ఐదుగురూ ఎక్కండి, ఏసీ వెయ్యండి. ఎత్తులో మధ్యలో ఆపి, బ్రేకు మీంచి కాలు తీసి ఎంత జారుతుందో చూడండి. అదే ఎత్తులో రివర్సులో పైకి ఎక్కించండి, ఏఎంటీ గుణం అక్కడ బయటపడుతుంది. దిగేటప్పుడు ఎం లో సెకండ్ పెట్టి బ్రేకు ముట్టకుండా బండి వేగం అదుపులో ఉంటుందో లేదో చూడండి. టెస్ట్ డ్రైవులో నడపాల్సింది మీరు కాదు, మీ నాన్నగారు.

సాలూరు_సత్యం
సీటు ఎత్తు కూడా చూడండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి డిజైర్ లాంటి కింద సీటులోంచి లేవడం కష్టం. మిగతా రెండూ ఎత్తు బండ్లు, పక్కకి తిరిగి కాలు దించితే నేల అందుతాది. టెస్ట్ డ్రైవులో నాన్నగారిని నాలుగైదుసార్లు ఎక్కించి దింపి చూడు.